ముగ్గురికి మూడు అబద్ధాలు

"ఉద్యోగం చేస్తూ, సంసారం చూసుకుంటూ పీహెచ్‌డీ ఎలా పూర్తి చేశారు మేడమ్?" అని ఈమధ్య తరచూ అడుగుతున్నారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ముప్పై దాటిన ఆడవాళ్లు. ప్రైవేటు కాలేజీలో ఉద్యోగం, ఇంట్లో చంటిపిల్ల, సెలవు పెడితే జీతం కోత. వాళ్లు నా దగ్గర్నుంచి ఒక టైంటేబుల్ ఆశిస్తారు. తెల్లారగట్ల నాలుక్కి లేవమంటానో, రాత్రి పన్నెండు దాకా కూర్చోమంటానో అని చూస్తారు. నేను ఆ రెండూ చేశాను. రెండిటివల్లా కళ్లకింద నలుపు వచ్చింది గానీ చాప్టర్లు రాలేదు. టైము చాలకపోవడం కన్నా, నేను నోరు విప్పకపోవడమే నా చదువును ఎక్కువ వెనక్కి లాగింది. కాలేజీలో చదువు సంగతి దాచాను. గైడ్ దగ్గర ఇంటి సంగతి దాచాను. ఇంట్లో రెండిటి సంగతీ దాచాను. దాచిన ప్రతిచోటా ఒక అబద్ధం ఆడాల్సి వచ్చింది. నా తరవాత వచ్చేవాళ్లకి టైంటేబుల్ కన్నా ఆ అబద్ధాల ఖరీదు తెలియడం ఎక్కువ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మేముండేది భిలాయి టౌన్‌షిప్‌లోని రుఆబాంధా సెక్టర్‌లో, స్టీల్ ప్లాంటు క్వార్టర్‌లో. ఈ ఊరితో తెలుగువాళ్ల సంబంధం ప్లాంటంత పాతది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి జనం రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రైలెక్కి పనికోసం ఇక్కడికి వచ్చారు. మా మామగారు 1967లో వచ్చారు. ప్లాంటు సామర్థ్యం 10 లక్షల టన్నుల నుంచి 25 లక్షల టన్నులకి పెరిగిన ఏడాది అది. పలాస దగ్గర పల్లెటూరి నుంచి వచ్చి, కోక్ ఓవెన్స్‌లో హెల్పరుగా చేరి, అక్కడే రిటైరయ్యారు. మా ఆయన రైల్ మిల్లులో చేస్తారు. నేను సెక్టర్ 2లో పుట్టి పెరిగిన భిలాయి పిల్లని. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ. సోషియాలజీలో ఎమ్మే చేసి ఒక ప్రైవేటు కాలేజీలో హిందీలో పాఠాలు చెబుతున్నాను.

2018లో పీహెచ్‌డీకి రిజిస్టర్ చేయించుకున్నాను. అంశం కళ్లెదుట ఉన్నదే: భిలాయిలో తెలుగు కార్మిక కుటుంబాల రెండో తరం. తండ్రికి పర్మనెంటు ఉద్యోగం, క్వార్టరు, సెక్టర్ 9 ఆసుపత్రిలో వైద్యం. కొడుక్కి అదే గేటు లోపల ఠేకేదారు కింద రోజుకూలి. ఈ మార్పు కుటుంబాల్ని ఏం చేసిందన్నది నా ప్రశ్న. భిలాయి మీద పనిచేసే ఎవరికైనా తప్పనిసరిగా తగిలే పేరు జొనాథన్ పారీ. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కి చెందిన ఆంత్రోపాలజిస్టు. 1990ల నుంచి ఇక్కడికి వచ్చి, ఉండి, జనంతో మాట్లాడి, 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' అనే పుస్తకం వేశారు. పర్మనెంటు కార్మికుడూ కాంట్రాక్టు కార్మికుడూ ఒకే ప్లాంటులో పనిచేస్తూ కూడా రెండు వేరువేరు వర్గాలుగా ఎలా విడిపోయారో అందులో చెబుతారు. చదువుతుంటే మా వీధివీధంతా కనిపించేది. ఆ వీధిలో మా ఇల్లు కూడా ఉందన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు.

రిజిస్టర్ చేయించుకోవడానికి చదువు మీద ప్రేమ కంటే భయమే పెద్ద కారణం. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి 2021 జులై నుంచి పీహెచ్‌డీ తప్పనిసరి అని 2018లో యూజీసీ అంది. అది యూనివర్సిటీ డిపార్టుమెంట్లకి పెట్టిన నియమం, మాలాంటి కాలేజీలకి కాదు. స్టాఫ్‌రూమ్‌లో ఆ తేడా ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. తరవాత ఆ గడువు 2023 జులైకి జరిగింది. తీరా ఆ తేదీ వచ్చేసరికి నియమమే ఎత్తేసి నెట్, సెట్ చాలన్నారు. చదువు మీద ఇష్టంతో మొదలుపెట్టి ఉంటే పదిమందికీ చెప్పుకుని తిరిగేదాన్నేమో. ఉద్యోగం పోతుందన్న భయం ఎవరికి చెప్పుకుంటాం?

రిజిస్ట్రేషన్‌కి కాలేజీ నుంచి ఎన్‌ఓసీ కావాలి. ఆ కాగితం మీద సంతకం అయ్యాక కాలేజీలో పీహెచ్‌డీ మాట మళ్లీ ఎత్తలేదు. "ఈవిడ చదువుకుంటోంది, రేపో మాపో వెళ్లిపోతుంది" అనుకుని నా పీరియడ్లు వేరేవాళ్లకి ఇచ్చేస్తారని గుబులు. ఆ గుబులుకి విరుగుడుగా ఎవరూ ముట్టని పనులన్నీ నెత్తిన వేసుకున్నాను. అడ్మిషన్ల కౌంటర్ నాదే, ఇన్విజిలేషన్ నాదే, ఎన్నెస్సెస్ క్యాంపూ నాదే. "మేడమ్ ఎప్పుడూ కాదనరు" అని పేరొచ్చింది. ఆ పేరుకి నేనిచ్చిన వెల ఏమిటో జీతం చీటీలో కనపడదు.

గైడ్ గారు మంచివారు. ఒక్కసారి కూడా కసురుకోలేదు. 2019 చివర్లో మాకు పాప పుట్టింది. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ చేసే ఆడవాళ్లు మొత్తం కాలంలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి లేదా పిల్లల సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. పైగా ఆరేళ్ల గరిష్ఠ గడువు మీద ఆడవాళ్లకి రెండేళ్లు సడలింపు ఉంది. నాకు ఇవన్నీ తెలుసు. ఆ పేరా కింద పెన్సిల్‌తో గీత కూడా గీసుకున్నాను. అయినా దరఖాస్తు పెట్టలేదు. పెడితే "సంసారంలో పడింది, ఇక చదివినట్టే" అనుకుంటారని నా ఊహ. ఆయన అలా అనుకునే మనిషి కాదని తరవాత తెలిసింది. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, యూజీసీ థీసిస్ గడువును ఆరు నెలలు పెంచింది, దేశమంతా ఆగిపోయినప్పుడు నేను ఆగడం ఎవరి కంటా పడలేదు. అప్పుడు అదృష్టమనుకున్నాను. దాపరికం అలవాటుగా గట్టిపడింది ఆ ఏడాదే.

ఇక ఇల్లు. చదువుతానని మొదట చెప్పినప్పుడు మా ఆయన "చదువుకో, నాకేం అభ్యంతరం?" అన్నారు. ఆయన అన్నది అంతవరకే. "ఇంటికి ఇబ్బంది రానంతవరకు" అన్న ముక్క నేనే కలుపుకున్నాను. ఆ కలుపుకున్న ముక్కకి కట్టుబడి, పాప నిద్రపోయాక వంటింటి పక్క గదిలో కూర్చుని టేపులు వినేదాన్ని. ఇంటర్వ్యూలు శ్రీకాకుళం తెలుగులో ఉంటాయి, పాఠాలు హిందీలో చెప్పాలి, థీసిస్ ఇంగ్లీషులో రాయాలి. గంట టేపు కాగితం మీదికి దించడానికి ఒక రాత్రి చాలదు. అత్తగారు నీళ్లు తాగడానికి లేచి, "రేత్రంతా లైటెట్టుకుని ఏటి సేస్తన్నావమ్మా?" అనేవారు. "పేపర్లు దిద్దుతున్నాను అత్తయ్యా" అనేదాన్ని. ఆవిడ "కళ్లు పోతాయే తల్లీ" అని వెళ్లి పడుకునేవారు.

హాస్యమేమిటంటే అదే రోజుల్లో నేను క్లాసులో ఆర్లీ హాక్‌షీల్డ్ పాఠం చెబుతున్నాను. ఉద్యోగం చేసొచ్చిన ఆడవాళ్లు ఇంటికొచ్చి ఇంకో షిఫ్టు చేస్తున్నారని ఆ అమెరికన్ సోషియాలజిస్టు 1989లో 'ది సెకండ్ షిఫ్ట్' పుస్తకంలో చూపించారు. భిలాయి పిల్లలకి షిఫ్టంటే వేరే వివరించక్కర్లేదు. బోర్డు మీద మన దేశం లెక్క కూడా వేసేదాన్ని. 2019 జాతీయ టైమ్ యూజ్ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, ఆ పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. పిల్లలు నోరు తెరుచుకుని రాసుకునేవారు. బెల్లు కొట్టగానే నేను స్కూటీ తీసి నా సెకండ్ షిఫ్టుకి బయల్దేరేదాన్ని. పాఠం బోర్డు మీదే ఉండిపోయేది.

కాలేజీ, గైడ్, ఇల్లు: ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా నేను మూసిపెట్టుకున్న ఈ మూడు గదుల తలుపులూ 2022లో ఒకరోజు ఒకేసారి తెరుచుకున్నాయి.

ఆరోజు యూనివర్సిటీలో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు నా ఆరునెలల ప్రెజెంటేషన్. ఆరోజే కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ పీర్ టీమ్ వస్తోంది. ఆరోజే అత్తగారికి శుక్లాల ఆపరేషన్ తరవాత కట్టు విప్పే చెకప్. నేను వెంట వెళ్తానని మాటిచ్చాను. మూడు తేదీలూ కలుస్తున్నాయని వారం ముందే తెలుసు. ఏ ఒక్కరితోనైనా అసలు మాట చెబితే సర్దుబాటు అయ్యేదే. చెప్పలేదు. ప్రిన్సిపాల్‌కి జ్వరమని మెసేజ్ పెట్టాను. ఇంట్లో "న్యాక్ టీమ్ వస్తోంది, సెలవివ్వరు" అన్నాను. గైడ్ గారికి నాలుగో చాప్టర్ పూర్తయిందన్నాను, అప్పటికి అందులో సగం కూడా లేదు. ముగ్గురికి మూడు అబద్ధాలు ఆడి, ఫోను స్విచ్చాఫ్ చేసి, కమిటీ గదిలోకి వెళ్లాను.

అప్పటి న్యాక్ గ్రేడింగ్‌కి ఏడు ప్రమాణాలు ఉండేవి. వాటిలో మూడోది పరిశోధన. మా కాలేజీలో ఆ మూడో ప్రమాణం ఫైలు నా చేతిలోనే ఉంది. అంటే కాలేజీ పరిశోధన లెక్కలు చూపించాల్సిన మనిషి జ్వరమని చెప్పి తన పరిశోధన చూపించుకోవడానికి వెళ్లింది. టీమ్ ఆ ఫైలు అడిగింది. బీరువా తాళం నా బ్యాగులో ఉంది. నా ఫోను పలకకపోయేసరికి ప్రిన్సిపాల్ రికార్డులో ఉన్న మా ఆయన నంబరుకి చేశారు. ఆయన నైట్ షిఫ్ట్ దిగి, నిద్రపోకుండా, అమ్మని తీసుకుని ఆసుపత్రి ఓపీలో లైన్లో ఉన్నారు.

"మేడమ్‌కి జ్వరం ఎలా ఉంది? తాళం చెవులు కావాలి."

"జ్వరమేంటి సార్? మీ దగ్గరికే వచ్చింది కదా!"

ఆ తరవాత ఇద్దరూ కాసేపు మాట్లాడలేదట. ప్రిన్సిపాల్‌కి చటుక్కున ఏదో గుర్తొచ్చి, ఆవిడ పీహెచ్‌డీ గొడవేమైనా ఉందేమో కనుక్కోండి, మీ ప్లాంటు కార్మికుల మీదే కదా చేస్తోంది అన్నారట. ఎన్‌ఓసీ కాగితం మీద థీసిస్ పేరుంది మరి. మా ఆయనకి అప్పుడు నా థీసిస్ దేని గురించో బుర్రకెక్కలేదు. నాకు యాక్సిడెంటైందేమోనన్నదే భయం.

కమిటీ గదిలో అంతకన్నా పెద్ద ముల్లు గుచ్చుకుంది. నా పాత తరం ఇంటర్వ్యూలు పల్చగా ఉన్నాయని వాళ్లకి చూడగానే తెలిసిపోయింది. శనివారాలు సెక్టర్ 5 బాలాజీ గుడికి వెళ్లి, పరిచయమైన పెద్దవాళ్లని బతిమాలి, వాళ్లు చూపించిన ఇంకొకరి దగ్గరికి వెళ్లి చేసినవి అవి. అందరూ ఒకే చుట్టూ తిరిగే మనుషులు. కొత్తవాళ్లెవరూ నన్ను నమ్మి నోరు విప్పలేదు. కమిటీలో ఒకావిడ కాగితాలు పక్కన పెట్టి, "మీ ఇంట్లో ప్లాంటులో పనిచేసినవాళ్లెవరూ లేరా?" అని అడిగారు. "ఉన్నారు" అన్నాను. "మరి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

బయటికొచ్చి ఫోను తెరిస్తే మిస్డ్ కాల్స్ వరసగా వచ్చి పడ్డాయి. ఇంటికి వెళ్లేసరికి మా ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. కేకలెయ్యలేదు. "దెబ్బలేం తగల్లేదు కదా" అన్నారు ముందు. కాసేపాగి, "నీ చదువు మా నాన్నలాంటోళ్ల గురించట కదా. మీ ప్రిన్సిపాల్ చెబితే తెలిసింది నాకు" అన్నారు. ఇంతకన్నా తిట్టినా బాగుండేది. ఏళ్లు పక్క మంచం మీద పడుకున్న మనిషికి నా థీసిస్ పేరు పరాయివాడు చెప్పాల్సి వచ్చింది. చదువుకోవడానికి భర్త ఒప్పుకోలేదని బాధపడే ఆడవాళ్లని చాలామందిని చూశాను. నా భర్త ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలును వాడుకోవడానికి నాకే అహం అడ్డొచ్చింది. "ఎవరి సాయమూ లేకుండా చేశాను" అనిపించుకోవాలన్న అహం అది. దానికి త్యాగమని పేరు పెట్టుకున్నాను.

లోపల్నుంచి మామగారు పిలిచారు. "ఇన్నాళ్ల బట్టీ ఊరందర్నీ అడగతన్నావట. ఇంట్లో ఓ ముసలోడున్నాడని గేపకం రాలేదేటమ్మా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

మర్నాటి సాయంత్రం ఆయన పాత క్యాలెండర్ కాగితం ఒకటి తిరగేసి, దాని వెనక తనతో కోక్ ఓవెన్స్‌లో పనిచేసినవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టారు. టెక్కలివాళ్లు, సోంపేటవాళ్లు, బొబ్బిలివాళ్లు. పేరు, ఊరు, ఏ షిఫ్టు, ఇప్పుడెక్కడ ఉన్నాడో. అంతా రాశాక పైనుంచి వస్తూ కొన్ని పేర్లు కొట్టేశారు. "ఈడు రెండో కరోనాలో ఎల్లిపోనాడు. ఈడూ అంతే." 2021 ఏప్రిల్‌లో దుర్గ్ జిల్లా మొత్తం లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు రోజూ వినపడిన కబుర్లే అవి. కొట్టేసిన పేర్లలో చాలామంది 2018లో, 2019లో మా వీధి చివర చెట్టుకింద పేకాడుతూ కూర్చున్నవాళ్లే. నేను స్కూటీ మీద వాళ్లని దాటుకుంటూ ఇంటర్వ్యూల కోసం బాలాజీ గుడికి వెళ్లేదాన్ని. థీసిస్‌లో ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది. ఏ గడువు పెంచినా అది పూడదు.

మిగిలినవాళ్ల దగ్గరికి మామగారు నన్ను స్వయంగా తీసుకెళ్లారు. "మా కోడలు, మన గురించి రాస్తంది" అంటే చాలు, తలుపులు తెరుచుకునేవి. అంతకుముందు నాకు "అంతా బాగుండేదమ్మా" అని రెండు ముక్కల్లో చెప్పి పంపేసినవాళ్లే, ఆయన పక్కనుంటే పోట్లాడుకుంటూ చెప్పారు. నా టేపుల్లో తప్పులూ అప్పుడే బయటపడ్డాయి. పుషర్, క్వెంచింగ్ కార్ లాంటి మాటలు నేను విన్నది విన్నట్టు రాసుకున్నాను తప్ప అవేమిటో నాకు తెలీదు. ఎర్రగా కాలిన కోక్‌ను ఓవెన్ లోంచి ఒకవైపు నుంచి పుషర్ తోస్తే అటువైపు బండిలో పడుతుందనీ, దాని మీద నీళ్లు కుమ్మరించి చల్లారుస్తారనీ మా ఆయన కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. బ్యాటరీ పైకప్పు మీద నడిచేవాళ్లు చెక్క చెప్పులు తొడుక్కునేవారని, మామూలు చెప్పులు వేడికి కరిగిపోయేవని మామగారు చెప్పారు. నాలుగో చాప్టర్ ఆ వేసవిలో పూర్తయింది. సొంత మామగారి సాక్ష్యం తీసుకోవచ్చా అని గైడ్ గారిని భయపడుతూ అడిగాను. "తీసుకో. నువ్వాయన కోడలివని కూడా రాయి. దాస్తేనే తప్పు" అన్నారు.

కాలేజీకి వెళ్లి ప్రిన్సిపాల్ ముందు జరిగింది జరిగినట్టు చెప్పాను. మెమో ఇస్తారనుకున్నాను. ఆయన విసుగ్గా, "మీ దగ్గర పరిశోధన చేసే టీచర్లెవరని టీమ్ అడిగింది. చూపించడానికి ఒక్కళ్లున్నారు, ఆ ఒక్కళ్లకీ జ్వరం" అన్నారు. తరవాతి సెమిస్టరులో నా క్లాసులన్నీ పొద్దుటిపూటకి మార్చారు. ఇన్విజిలేషన్ తగ్గించమంటే మాత్రం కుదరదన్నారు. అడిగినవన్నీ దొరకవు. అడక్కపోతే ఆ పొద్దుటి క్లాసులు కూడా దొరికేవి కావు.

గైడ్ గారికి చాప్టర్ సంగతీ, పాప పుట్టినప్పటి సంగతీ కలిపి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "ఆ 240 రోజులు అప్పుడే అడగాల్సిందమ్మా, ఇప్పుడు వెనక తేదీతో ఇప్పించలేను" అన్నారు. ఆడవాళ్లకిచ్చే రెండేళ్ల సడలింపు గడువు దగ్గరపడ్డప్పుడు అడగవచ్చని ఆయనే గుర్తుచేశారు. సాయం చేయడానికి సిద్ధంగా ఉన్న మనిషికి సాయం చేసే అవకాశం ఇవ్వకుండా మర్యాదగా తప్పించుకు తిరిగాను అన్నమాట.

ఇంట్లో మేం చేసిన మార్పు చాలా చిన్నది. వంటింటి తలుపు మీద ఒక కాగితం అంటించాం. ఒక వరసలో మా ఆయన షిఫ్టులు, ఒక వరసలో కాలేజీ తేదీలు, ఒక వరసలో యూనివర్సిటీ తేదీలు. షిఫ్టుల వరస రాసే పని మామగారు తీసుకున్నారు. జీవితమంతా ఆ లెక్క మీదే బతికిన మనిషి. మా ఆయనకి ఫస్ట్ షిఫ్ట్ ఉన్న వారం మధ్యాహ్నానికల్లా ఇంట్లో ఉంటారు కనక పాప ఆయనది, రాత సాయంత్రం నాది. సెకండ్ షిఫ్ట్ వారం రాతపని పెట్టుకోను, చదువుకుంటాను. నైట్ షిఫ్ట్ వారం పగలు ఆయన నిద్రపోతారు, ఇంట్లో మిక్సీ కూడా తిప్పకూడదు. ఆ వారం కాలేజీ నుంచి రాగానే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని టేపులు దించుతాను. కాగితం అంటించాక రోజుకి ఒక్క గంట కూడా కొత్తగా పుట్టలేదు. ఎవరికి ఎప్పుడు ఏం కావాలో అందరికీ తెలిసింది, అంతే. "కాస్త సాయం చెయ్యొచ్చుగా" అని సణిగే బదులు "గురువారం సాయంత్రం పాపని మీరు చూడాలి" అని చెప్పడం నేర్చుకున్నాను. సణుగుడుకి జవాబు ఉండదు, గురువారానికి ఉంటుంది. అత్తగారు కూడా కొత్త కళ్లద్దాలతో ఆ కాగితం చూసి, "ఇయ్యాల నీకు రాతుంది, కూర నాను సేత్తాను" అనేవారు.

అడిగితే అన్నీ సర్దుకుంటాయని చెబితే అదీ ఒక అబద్ధమే అవుతుంది. 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి పెట్టే సమయం 289 నిమిషాలు, ఆ పని చేసే మగవాళ్లు పెట్టేది 88. అయిదేళ్లలో మాకు పది నిమిషాలు తగ్గితే, వాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. మా ఇంట్లోనూ లెక్క సమానమైపోలేదు. టిఫిన్ డబ్బాలు ఇప్పటికీ నేనే కడతాను. అత్తమామలు తోడున్న ఇల్లు మాది. అది లేనివాళ్ల కష్టం వేరు. అడిగినా వినని భర్తలున్నారు, విని ఎగతాళి చేసే ప్రిన్సిపాళ్లున్నారు. వాళ్ల దగ్గర మౌనంగా ఉన్న ఆడవాళ్లని నేను తప్పుపట్టను. నేను తప్పుపట్టేది, వినే మనుషుల మధ్య ఉండి కూడా చెప్పని నన్ను.

థీసిస్ 2024లో ఇచ్చాను. సడలింపు అడిగే అవసరం రాలేదు. వైవా రోజున మామగారు వెనక బెంచీలో కూర్చున్నారు. ఇంగ్లీషులో జరిగిన ఆ ముచ్చటలో ఆయనకి అర్థమైంది కోక్ ఓవెన్స్ అన్న మాట ఒక్కటే. అది వినపడ్డప్పుడల్లా తలూపారు.

ఇప్పుడు చేరబోయేవాళ్లకి నిబంధనలు ఇంకాస్త అనుకూలంగా ఉన్నాయి. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ కొత్త నిబంధనలు ఉద్యోగస్తుల పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని స్పష్టంగా అనుమతించాయి. చదువుకి తగిన సమయం ఇస్తామనీ, అవసరమైతే కోర్స్‌వర్క్ కోసం డ్యూటీ నుంచి రిలీవ్ చేస్తామనీ మీ సంస్థ ఎన్‌ఓసీలో రాసివ్వాలి. గరిష్ఠ గడువు ఆరేళ్లు, రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకి ఆపైన మరో రెండేళ్లు, మొత్తం మీద పదేళ్లు దాటకూడదు. 240 రోజుల సెలవు అలాగే ఉంది. థీసిస్ ఇచ్చేముందు జర్నల్లో పేపరు వేసి తీరాలన్న పాత షరతు పోయింది.

కనక ఫారం నింపేముందు మూడు పనులు చెయ్యండి. ఎన్‌ఓసీని సంతకం కోసం తీసుకెళ్లే కాగితంలా చూడకుండా, అందులో ఏం రాశారో చదివి, ఆ మాటలు పట్టుకుని గంటలు అడగండి. మొదటి సమావేశంలోనే గైడ్‌కి మీ ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరి బాధ్యత మీ మీద ఉందో చెప్పండి. మీ పరిశోధన దేని గురించో ఇంట్లోవాళ్లకి ఇంట్లో మాట్లాడే తెలుగులో, అన్నం తినేటప్పుడు చెప్పండి. వాళ్లలో ఎవరికి దాని గురించి మీకన్నా ఎక్కువ తెలుసో ముందే చెప్పలేం. సెలవు నిబంధన మీకోసమే ఉంది. దరఖాస్తు మాత్రం మీరే రాయాలి, సమయానికి రాయాలి.